బస్కోరో శుద్ధభాషలో మెండోవాన్ తిన్న వైనము

మేఘములను తలపాగాగా చుట్టుకొని స్లామెట్ అగ్నిపర్వతము నడిజావాలో కునుకు తీయుచుండగా, దాని పాదముల చెంత, లోకమందలి సుందరీమణులకు కృత్రిమపక్ష్మములు, అనగా కట్టుడు రెప్పవెండ్రుకలు, కట్టి పంపి తన కన్నులను మాత్రము చేతివెనుకతో నులుముకొను పుర్బాలింగా పట్టణమున, అక్టోబరు మాసమున, అనగా పాఠశాలల గోడలపై రంగుకాగితములు మొలిచి ‘భాషామాసము, భాషామాసము’ అని కేకలు పెట్టు పుణ్యకాలమున, సూర్యుడు నడినెత్తికెక్కి విద్యార్థుల మెదళ్లను మెత్తగా ఉడికించుచున్న మంగళవారపు విరామవేళ, ఒకానొక ఉన్నతపాఠశాల వెనుకనున్న ఫలహారశాలలో మహాసంగ్రామమొకటి జరిగెను. అందు రథములు లేవు, గజములు లేవు. ఒక మూకుడు కలదు, మూకుటిలో నూనె కలదు, నూనెలో మెండోవాన్ కలదు. యుద్ధమునకు ఇంతకంటె ఏమి కావలెనయ్యా?

ఆ మూకుటి వాసన ఎరిగి ఆ ఊరనే తల నెరసినవాడను గనుక చెప్పుచున్నాను, వినుడు. సోయాగింజలను పులియబెట్టి అచ్చుకట్టిన టెంపేను పలుచగా కోసి, ఉల్లికాడలు చల్లిన పిండిలో ముంచి, కాగిన నూనెలో వేసి, వేగీ వేగకముందే, ఇంకను మెత్తగా వేలాడుచుండగానే పైకి తీయుదురు. అదియే మెండోవాన్. అది కరకరలాడినచో మెండోవాన్ కాదు, మహాపరాధము. అట్లు చేసిన వంటమనిషిని మా బాన్యుమాస్ సీమలో ఎవరును ఏమియు అనరు గాని, మరల ఆమె దుకాణమునకు పోరు.

ఈ కథకు నాయకుడు బస్కోరో. మన భాస్కరుడే, జావావారి నాలుకపై దొర్లి దొర్లి గుండ్రబడినాడు, అంతే. ఫుట్సాల్ జట్టునకు గోల్‌కీపరు. ద్వారపాలకశిరోమణి, కందుకనిరోధకధురంధరుడు, మేజోటికి చిరుగున్నను మడమ తిప్పని మహావీరుడు. ఇంగ్లీషున మంచి మార్కులు తెచ్చుకొనువాడు, గణితమున ఎట్లో గట్టెక్కువాడు. కాని విధివైపరీత్యమును ఏమని వర్ణింతును! ఏ భాషను పుట్టుకతోనే తెచ్చుకొంటినని అతడు తలచుచుండెనో, ఏ భాషాపుస్తకమును తలక్రింద దిండుగా తప్ప వేరొకవిధముగా వాడి యెరుగడో, ఆ ఇండోనేషియాభాషయందే, ఒక్క దానియందే, పరీక్ష తప్పెను.

“ఇదేం అన్యాయం టీచరమ్మా! పుట్టినప్పట్నుంచీ మాట్లాడుతున్న భాషలో ఫెయిలవడమేంటండీ?” అని ఫలితము చెప్పిన నాడు అతడు లేచి నిలబడి గోడు వెళ్లబోసికొనెను.

“ఊపిరి పీల్చడంలో ఫెయిలైనట్టుందిరా నీ పని!” అని ప్రక్క బెంచీనుండి పంబుది కిసుక్కున నవ్వెను. ఈ పంబుది బస్కోరోకు ప్రాణమిత్రుడు, జట్టునకు రెండవ గోల్‌కీపరు.

“నవ్వకురా! అసలు ఇందులో నేర్చుకునేదేముందమ్మా? ఇంగ్లీషైతే ఉద్యోగమొస్తుంది. కొరియా భాషైతే పాటలు అర్థమవుతాయి. ఇండోనేషియాభాష చదివితే ఏమొస్తుంది?”

“నిద్రొస్తుంది!” అని వెనుక వరుస ఏకకంఠముగా ఘోషించెను.

భాషాధ్యాపిక హార్యాతి పొట్టి మనిషి, ఓర్పు మాత్రము చాల పొడవు. ఏటేటా వినుచున్న పాటే గనుక తాను నొచ్చుకొనలేదని ఆమె అనుకొనెను. నిజమునకు నొచ్చుకొనెను. పిల్లలు చెప్పినది అబద్ధమైనను బాగుండెడిది. ఇంటిలో బాన్యుమాస్ యాస, చేతిఫోనులో జకార్తావారి సోకుమాట, పెద్దల యెదుట తల వంచుకొని మౌనము; ఇక శుద్ధమైన ఇండోనేషియాభాష ఎక్కడ నివసించునయ్యా అనిన, సోమవారపు జెండావందనమున మైకులో నివసించును, జెండా ఎగిరినంతనే అదియు ఎగిరిపోవును.

“బాబూ బస్కోరో, పుట్టుకతో వచ్చిందంటున్నావుగా, అయితే రాతపరీక్ష నీకు వద్దులే,” అని ఆమె సుద్దముక్క బల్లపై పెట్టి చిరునవ్వు నవ్వెను. ఆ చిరునవ్వును చూచి ముందు వరుస కొంచెము వెనుకకు జరిగెను. “మంగళవారం విరామం గంట కొట్టినప్పట్నుంచి మళ్ళీ గంట కొట్టేదాకా శుద్ధమైన భాష మాట్లాడు. ఇంటి యాస ఒక్క ముక్క దొర్లకూడదు. జకార్తా సోకులొద్దు. ఇంగ్లీషొద్దు. దార్సి దుకాణంలో మెండోవాన్ అడిగి తీసుకుని తినాలి. ఎవరు పలకరించినా బదులు చెప్పాలి, మూగనోము పడితే కుదరదు. ఇది పరీక్ష అని మాత్రం ఎవరికీ చెప్పకూడదు. నిలబడ్డావా, పాసు.”

“ఓస్, ఇంతేనా!”

“తప్పావో, ఆ మధ్యాహ్నం పూర్వొకెర్తో వెళ్లే బస్సు నువ్వెక్కవు. ఒక్క సబ్జెక్టు తప్పినా ఆటకి పంపరు. బడి నియమం నీకు తెలుసు.”

అంతట వీరుని ముఖమున రక్తము క్రిందికి దిగెను. ఏలయన, ఆ పూర్వొకెర్తో ఆటను చూచుటకై అతని తల్లి, కట్టుడు రెప్పవెండ్రుకల కర్మాగారమున మేస్త్రమ్మను బతిమాలి సెలవు పుచ్చుకొని, కొడుకు గోల్ యెదుట నిలుచుటను మొట్టమొదటిసారి కన్నులార చూడబోవుచుండెను. ఇస్త్రీ చేసిన ఓణీ కుర్చీపై అప్పుడే సిద్ధముగా ఉండెను కూడ.

“అమ్మా, వాడు బస్సెక్కకపోతే గోల్‌లో నేనండీ నిలబడాల్సింది!” అని పంబుది ఆర్తనాదము చేసెను. అందరును నిట్టూర్చిరి. బంతి తన వైపు వచ్చినంతనే కన్నులు గట్టిగా మూసికొను వ్రతమును ఆ మహానుభావుడు చిన్ననాటినుండి విడువక పాటించుచుండెను.

మంగళవారము వచ్చెను. గంట మ్రోగెను. వీరుడు తెల్లచొక్కాను బూడిదరంగు పంట్లాములోనికి దోపి, టై బిగించి, నాలుకను పెదవులపై త్రిప్పి పదునుపెట్టి, వసారాలోనికి అడుగిడెను. అతని వెనుక సాక్షిగా కినాంతి నడిచెను. నిత్యము శుద్ధభాషయే పలుకుటచేత ‘వార్తలమ్మాయి’ అని తరగతివారిచే ఎకసెక్కెములాడబడిన కన్య ఆమె. నేడు న్యాయపీఠము ఆమెది. ఆ సంగతి ఆమె నడకలోనే తెలియుచుండెను.

ఫలహారశాల యెదుట పద్మవ్యూహమువలె జనము. మోచేతులు, మోకాళ్లు, చేతిసంచుల పట్టెడలు, ఐసుతేనీరు నింపిన ప్లాస్టికు సంచులు. “ఒరేయ్ గోల్‌కీపరూ, తోసుకురారా, లేకపోతే సాయంత్రందాకా ఇక్కడే ఉంటావ్!” అని ఎవడో స్నేహముగా పిలిచెను. బదులు చెప్పక తప్పదు. వీరుడు కంఠము సవరించుకొని, కుడిచేయి చాచి, ఇట్లనియె:

“మాన్యమిత్రులారా! క్షుధాపీడితుడనై, కృశించిన దేహముతో, ఆశాపూరితహృదయముతో ఈ పాకశాలాద్వారమునకు ఏతెంచితిని. దయార్ద్రచిత్తులై నాకు ఇంచుక మార్గము విడువవలసినదిగా ప్రార్థించుచున్నాను.”

 నవ్వులు కప్పు పెంకులకు తగిలెను.

“వీడికి ఎండదెబ్బ తగిలిందిరోయ్!”

“కాదెహె, ఎలక్షన్లో నిలబడుతున్నాడు!”

“లేవండ్రా, లేవండి! జెండా ఎగరేస్తున్నారు!” అని ఒకడు నిటారుగా నిలిచి వందనము చేసెను. వానిని చూచి ఇంకొకడు, అతనిని చూచి పదిమంది, హేళనగా రెండు వరుసలు తీరి నిలిచిరి. వరుసల నడుమ దారి ఏర్పడెను. వీరుడు నడిచి పోయెను. హేళన చేసినను దారి దారియే కదా!

దారికి కొసన మూకుడు. మూకుడు వెనుక దార్సక్క. పసుపురంగు ఆప్రాను, చేత జల్లిగరిటె, నుదుట చెమట, నోట ఊరివారందరి యోగక్షేమములు. బస్కోరో ఇంటికి ప్రక్కింటి మనిషి.

“వచ్చావా నాయనా! ఏంటి, మొహం అలా పీక్కుపోయింది? అమ్మ బాగుందా? ఇవాళ ఆటకి వస్తానంది కదా! వేడివేడిగా తీస్తున్నా, ఉండు.”

“గౌరవనీయురాలా!” అని వీరుడు వంగి పలికెను. “తమరు సంపూర్ణారోగ్యముతో ఉన్నారని తలంతును. నాకొక పళ్లెము మెండోవాన్ దయచేయవలసినదిగా సవినయముగా మనవి చేయుచున్నాను.”

జల్లిగరిటె గాలిలో ఆగెను. నూనెచుక్కలు టపటప రాలెను. అయ్యో, నాయకుని ఊహకు అందని శత్రువు అప్పుడు ఎదురయ్యెను. ఆ శత్రువు హేళన కాదు, దుఃఖము.

“ఏమన్నావ్? గౌరవ... నన్నేనా?” అని దార్సక్క కన్నులు చికిలించెను. “ఒరేయ్, నేనేం చేశాన్రా నీకు? మాతో ఇలా మాట్లాడింది ఒక్కళ్ళే. ఆఫీసువాళ్ళు ఇస్త్రీ చొక్కాలేసుకొచ్చి ‘దయచేసి సహకరించగలరు’ అని చెప్పి, గేటు దగ్గర్నుంచి నా బండి లేపేసి ఈ మూలకి తోశారు. ఇప్పుడు నువ్వూ మొదలెట్టావా? మీ అమ్మకి నా మీద కోపమొచ్చిందా? ఉన్నదున్నట్టు చెప్పు.”

 వీరుని కంఠమున ఇంటిమాట ఉబికి, ‘అక్కా’ అని దంతములవరకు వచ్చి, అచ్చట చిక్కుకొనెను. వెనుకనుండి పంబుది చొక్కా పట్టి లాగుచు, “ఏదో ఒకటి అనరా బాబూ, ఏడ్చేట్టుంది ఆవిడ!” అని గొణిగెను. కినాంతి మాత్రము రెప్ప వాల్చక వీరుని పెదవులనే చూచుచుండెను. ఇది పరీక్ష అని చెప్పరాదు. ఇంటిమాట ఆడరాదు. ఊరకుండరాదు. ఇక మిగిలినదేమి? నిజము మిగిలినది.

“తల్లీ! ఇది ఆగ్రహము కాదు. నా పసితనమున నేను జ్వరపడినప్పుడు, అమ్మ కర్మాగారమునుండి తిరిగి వచ్చువరకు నన్ను ఒడినుంచుకొని గంజి త్రాగించినవారు తమరే. నేనది మరువలేదు. కాని ఈనాటివరకు ఒక్కసారియైనను తమకు కృతజ్ఞత తెలిపి యెరుగను. నేడు తెలుపుచున్నాను.”

చదువరులారా, మా వీధిలో ఇటువంటి మాట ఎవరును ఎవరితోను అనరు. అనవలసి వచ్చినచో అరటిపండ్లు పంపి ఊరకుందురు. దార్సక్క ఆప్రాను కొంగుతో ముక్కు తుడుచుకొని, “ఛీ, పోరా! నువ్వూ నీ పెద్దమనిషి మాటలూ! నా కళ్ళలో నూనె పడిందిలే,” అని మొగము త్రిప్పుకొని, పిండి గిన్నె అడుగువరకు గీకి, మూకుటినిండ మెండోవాన్ జార్చెను. ఆమె కన్నులలో నూనె పడలేదు. నేను చూచితిని.

నూనెచుక్క పడినది వీరుని ముంజేతిమీద. పెదవి చివరకు వచ్చిన ఇంటి తిట్టును అతడు నడిదారిలో పట్టి వెనుకకు మరల్చి, “అహో, దుర్విదగ్ధతైలబిందువా!” అని అరచెను. కినాంతి తల పంకించెను. అంగీకృతమని భావము.

పళ్లెమునిండ మెండోవాన్, ప్రక్కన పచ్చిమిరపకాయలు, చిన్న గిన్నెలో తియ్యని సోయారసము. వీరుడు బల్లకడ కూర్చొని, మెత్తగా వేలాడుచున్న మొదటి మెండోవాన్‌ను వ్రేళ్లతో పైకెత్తెను. “తినెయ్‌రా, తినెయ్! అయిపోయింది, గెలిచేశాం!” అని పంబుది బల్ల చరచెను. ఆ మాట అనకుండిన బాగుండెడిది.

ద్వారమున ఒక నీడ పడెను. చారల బాతిక్ చొక్కా, నల్లటోపీ, చేతికర్ర, వీపున నిటారుతనము. సస్త్రో తాతగారు! పెండ్లిపందిళ్ల సింహము! అత్యున్నత జావాభాషలో అతిథులను ఆహ్వానించుటకు ఆ జిల్లాలో ఆయనను మించినవాడు లేడు. ఆ భాష సామాన్యమైనది కాదు. తనకొక మాట, పెద్దలకొక మాట. తనది క్రింది మెట్టు, ఎదుటివారిది పై మెట్టు. మెట్టు తప్పినవాని పరువు అక్కడికక్కడే దిగజారును. అంతకు ముందొక పెండ్లిలో ఈ తాతగారు పలుకరింపగా, మన పంబుది బెదరిపోయి, “నేను ఇప్పుడే ఆరగించానండీ, మరి తమరు మెక్కారా?” అని అడిగెను. పందిరి మొత్తము పొట్ట పట్టుకొని నవ్వెను. నాటినుండి పంబుది ఆయన నడచు వీధి నడువడు.

అందుచేత ఆ నీడను చూచినంతనే ఫలహారశాలలో ప్రళయము పుట్టెను. చేతిసంచులు పట్టుకొని కొందరు, చెప్పులు వదలి కొందరు పలాయితులైరి. పంబుది ఐసుపెట్టె వెనుకకు ప్రాకిపోయెను. దారి తీరి నిలిచి వందనము చేసిన వీరులలో ఒక్కడును మిగులలేదు. మిగిలినది బస్కోరో. పారిపోవుటకు వీలులేదు, చేతిలో మెండోవాన్ ఉన్నది, ఎదుట పెద్దాయన ఉన్నాడు.

“తల్లిగారు క్షేమమే కదా నాయనా? తమ విరామసమయమునకు మేమేమైన అంతరాయము కలిగించితిమా?” అని తాతగారు మెట్లుమెట్లుగా దిగివచ్చు జావాభాషలో కుశలమడిగెను.

మామూలు నాడైనచో ఏ పిల్లవాడైనను “చిత్తం, చిత్తం” అని నేల చూచుచు వెనుకకు నడిచి మాయమగును. అదియు జావామాటయే గనుక ఆ చిత్తము కూడ నేడు నిషిద్ధమే. పైగా తిండి చేతనున్నవాడు పెద్దలను ‘రండి, తినండి’ అని పిలువక ముద్ద నోట పెట్టరాదని ఆచారము. వీరుడు లేచి నిలబడి, ప్రాణములు నాలుకకొసన నిలిపి, ఇండోనేషియాభాషలో ఇట్లనియె:

“తాతగారికి వందనములు. నా పేరు బస్కోరో. అమ్మ కుశలముగా ఉన్నది. తమ రాకచే ఈ పేదబల్ల పావనమైనది. దయచేసి ఆసీనులై, ఈ ఉష్ణోష్ణమైన మెండోవాన్‌ను స్వీకరించి నన్ను ధన్యుని గావింపుడు.”

ఇచట ఒక రహస్యము తెలియవలెను. ‘రండి, తినండి’ అన్నది మా సీమలో నమస్కారమునకు మారుపేరే గాని తిండికి సంబంధించిన మాట కాదు. పిలువబడినవాడు ‘కానివ్వు, కానివ్వు’ అని సాగిపోవును. నాటికి నేటికి ఎవడును కూర్చొని తినలేదు. కాని ఇంత వైభవముగా, ఇన్ని విశేషణములతో, ఎవడును పిలిచియు ఉండలేదు.

తాతగారు కర్రను బల్లకు ఆనించెను. ఐసుపెట్టె వెనుక పంబుది కన్నులు మూసికొనెను. అంతట పెద్దాయన నోరు తెరచి, చాలకాలము తీయని తలుపువలె కిర్రుకిర్రుమను ఇండోనేషియాభాషలో, “చాల... సంతోషము. నేను... స్వీకరించెదను,” అని, కుర్చీ లాగి, కూర్చొని, ఒకటి తీసికొని, నోట పెట్టుకొనెను.

దార్సక్క రెండు చేతులతో చెంపలు పట్టుకొనెను.

“బాబూ, నీతో ఒక సంగతి,” అని సింహము గొంతు తగ్గించి, అటునిటు చూచెను. “ఆదివారము... నా మనుమరాలి వివాహము. మెండోవాన్ ఎక్కువగా కావలెనని చెప్పుటకు వచ్చితిని. వియ్యాలవారు పడాంగ్ నుండి వచ్చుచున్నారు. వారికి జావాభాష ఒక్క ముక్క తెలియదు. నేను ఈ భాషలో స్వాగతము పలుకవలెను. బడి విడిచిన తరువాత దీనిని సరిగా మాట్లాడి యెరుగను. భయముగా ఉన్నది. ఎవరితోనైన అభ్యసింతమనిన, ఈ ఊరి పిల్లలందరు నన్ను చూచినంతనే పరుగెత్తుదురు. ఎందుకో తెలియదు.”

ఐసుపెట్టె వెనుకనుండి సన్నని మూలుగొకటి వినవచ్చెను.

“నీవొక్కడవే నిలబడితివి. కొంచెము వినెదవా?” అని ఆయన ప్రారంభించెను. “సముద్రము దాటి వచ్చిన మాన్యబంధువులారా... ఇది బాగుండునా?”

“బాగుండును తాతగారూ.”

“బాగుండునా!” అని సంతోషముతో ఇంకొక మెండోవాన్ అందుకొనెను. “‘దాటి వచ్చిన’ అనవలెనా, ‘దాటి విచ్చేసిన’ అనవలెనా?”

“విచ్చేసిన అనిన మరింత శోభించును.”

శోభించినందుకు ఇంకొకటి. బంధువులకొకటి, వధూవరుల దీర్ఘాయువునకొకటి, మిరపకాయ కొరికి కన్నీరు కార్చినందుకు ఉపశమనముగా ఒకటి. పెద్దవారు మాటలాడుచుండగా పిల్లవాడు అడ్డుపడరాదు, పళ్లెము తన వైపు లాగికొనరాదు, గడియారము చూడరాదు. గడియారమును కినాంతి చూచుచుండెను. ఆమె ముఖము క్రమముగా పాలిపోవుచుండెను. ‘వార్తలమ్మాయి’ అని ఎకసెక్కెములాడినవానికొరకు ఆమె గుండె అట్లు కొట్టుకొనుట ఆమెకే వింతగా ఉండెను.

“ఒక్కటే మిగిలిందిరా...” అని పెట్టె వెనుకనుండి గుసగుస. “ఒరేయ్, నావల్ల కాదురా, నేను గోల్‌లో నిలబడలేన్రా...”

“పిండి కూడా అయిపోయింది నాయనా,” అని దార్సక్క ఖాళీగిన్నె ఎత్తి చూపెను.

ఆవల మైదానపు అంచున బడి కాపలాదారు గంట వైపు నడువసాగెను. తాతగారు కడపటి మెండోవాన్‌ను చేతికెత్తుకొని, వియ్యపురాలిని వర్ణించుచు, ఒక ప్రక్కనుండి మెల్లగా కొరుకసాగెను. వీరుని కన్నులయెదుట తల్లి ఓణీ మెదలెను. ఆమె మేస్త్రమ్మను బతిమాలిన మాటలు మెదలెను. పెద్దల చేతిలోని తిండిని ఇమ్మని అడుగుటకు ఇంటిమాటలో నోరు రాదు, వచ్చినచో చెంప పగులును. ఉన్నత జావాభాషలో ఆ వాక్యమునకు మెట్టే లేదు. ఇంగ్లీషు నిషిద్ధము, కొరియా భాష పాటలవరకే. మిగిలినది ఒక్కటే భాష. దిండుగా వాడిన భాష.  ఇంతవరకు కూర్చుకొనిన సమాసములన్నియు ఆ క్షణమున అతనిని విడిచి పారిపోయెను.

“తాతగారూ, క్షమించండి. అది నాకు కావాలి. నాకు చాలా ఆకలిగా ఉంది.”

అంతే. విశేషణము లేదు, ఉపమానము లేదు, యాసయు లేదు. దార్సక్క చేతినుండి జల్లిగరిటె జారి నేల మ్రోగెను.

సస్త్రో తాతగారు కొరుకుట ఆపెను. చేతిలోని ముక్కను చూచెను, ఖాళీపళ్లెమును చూచెను, కుర్రవాని లోతుకుపోయిన చెంపలను చూచెను. మరుక్షణము ఆయన పెద్దగా నవ్వెను.

“అరెరె! ఇంతసేపూ చెప్పవేమయ్యా? ఆకలని నాకెవరూ చెప్పరు! అందరూ చిత్తమంటారు!” అని ఆయన అన్న మాటలు కూడ శుద్ధమైన ఇండోనేషియాభాషయే. ఈసారి తలుపు కిర్రుమనలేదు.

ఆయన కుడిచేత అందించినది ఎంత? టెంపే అంతయు ఆయన దంతముల పాలయ్యెను. మిగిలినది అంచు. వ్రేలిగోరంత పిండి, దానికంటుకొని ఒక ఉల్లికాడ తునక. దానిని వీరుడు వంగి అందుకొని, నోట నుంచుకొని, నమలి, మ్రింగెను. గొంతు దిగెనో లేదో, గంట గణగణ మ్రోగెను.

“మింగాడు! గంట కంటే ముందే మింగాడు! నేను చూశాను!” అని కినాంతి వార్తలు చదువు స్వరము మరచి కేక పెట్టెను. కిటికీ ఆవల తేనీటి గ్లాసుతో ఎంతసేపటినుండియో నిలిచియున్న హార్యాతి లోనికి వచ్చి, “పాసు!” అనెను. మిగిలిన తేనీరు ఒక్కగుక్కలో త్రాగెను. పంబుది ఐసుపెట్టె వెనుకనుండి లేచి, తల బల్లకు కొట్టుకొని, దానిని లెక్కచేయక మిత్రుని కౌగిలించుకొనెను. తాతగారిని చూచి మరల కూర్చొనెను.

“ఆదివారము పందిరిలో నా ప్రక్కన నిలుచుందువా? మాట తడబడినచో అందింతువా?” అని తాతగారు అడిగెను.

“తప్పక నిలుచుందును తాతగారూ,” అనెను వీరుడు. ఒక్క క్షణము తటపటాయించి, “మెండోవాన్ ఉండునా?” అని కూడ అడిగెను.

పూర్వొకెర్తోలో ఆ సాయంకాలము ఎవరు గెలిచిరి అని అడుగుదురా? అది అల్పవిషయము, ఈ మహాగాథకు దానితో పని లేదు. తల్లి మాత్రము మొదటి వరుసలో కూర్చొనెను, అది చాలును. దశదిశల చాటవలసినది వేరొకటి: హేళనసైన్యములను చీల్చుకొని, దుఃఖసాగరమును దాటి, పెండ్లిపందిళ్ల సింహమును దాని నోటికడనే ఎదుర్కొని, బస్కోరో మహావీరుడు జయించెను, జయించెను, వ్రేలిగోరంత మెండోవాన్ అంచును ఉల్లికాడ తునకతో సహా జయించెను!

జయించినవాడు గంట మ్రోత ఆగినంతనే దార్సక్క దుకాణమునకు పరుగెత్తి, కట్టిన నాలుక విప్పుకొని, “అక్కా, కడుపులో ఎలకలు పరిగెడుతున్నాయే! గిన్నె అడుగున ఏమైనా ఉంటే గీకి ఒక్కటి వెయ్యవే!” అని బతిమాలెను.

దార్సక్క ఆప్రాను సవరించుకొని, వీపు నిటారుగా నిలిపి, చేతులు జోడించెను.

“గౌరవనీయుడా! మిక్కిలి చింతించుచున్నాను. పిండి అయిపోయినది.”